పడవకి ఇత్తడి అంచు వేశా... మావయ్య చేతికి ఏడు కుట్లు పడ్డాయ్!

మాది సత్తెనపల్లి. అమ్మమ్మగారి ఊరు అచ్చంపేట మండలంలో, కృష్ణ ఒడ్డున. బండి మీద గంట ప్రయాణం. అక్కడ మావయ్యకో చెక్క పడవ ఉంది. వయసులో నాకంటే రెండేళ్లు పెద్దది. చేపల వేట దాని మీదే, ఇల్లు గడిచేదీ దాని మీదే. హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే నేను ఆ పడవకి చేసిన ‘సేవ’ గురించే ఇదంతా.

పడవ అంచు పొడవునా ఒక ఇనప పట్టీ ఉంటుంది. చూస్తే సోకు కోసం వేసినట్టుంటుంది గానీ దానికి చాలా పనుంది. వల లాగేటప్పుడు తాడు ఒరిపిడి చెక్క మీద పడకుండా కాసేది అదే. ముక్కు దగ్గరైతే రాళ్ల దెబ్బలన్నీ తినేది కూడా అదే. పైన పులిచింతలలో గేట్లు ఎత్తితే మావాళ్ల రేవులో నీళ్లు పెరుగుతాయి, దించితే రాళ్లు తేలతాయి. పడవ దేనికో ఒకదానికి రాసుకోని రోజుండదు. ఇరవై ఏళ్ల నాటి ఆ పట్టీ బాగా అరిగిపోయి, తుప్పుపట్టి, అక్కడక్కడా పొరలుగా లేచింది.

పోయినేడాది సంక్రాంతికి వెళ్లినప్పుడు “మావయ్యా, దీని సంగతి నేను చూస్తా” అన్నా. యూట్యూబ్‌లో పాత పడవలు బాగుచేసే వీడియోలు చూసి చూసి ఉన్నా మరి! గుంటూరులో ఇత్తడి పట్టీ కొన్నా. ఇత్తడి స్క్రూలూ కొన్నా. తీరా బిగిస్తుంటే వాటి తలలు పుటుక్కున తెగిపోతున్నాయ్. నాలుగు తెగాక విసుగొచ్చి, ఇంట్లో మిగిలిన జింకు పూత ఇనప స్క్రూలు తెచ్చి డ్రిల్లింగ్ మెషీన్‌తో గంటలో పని ముగించేశా. ఎండలో అంచు బంగారంలా మెరిసింది. రీల్ పెడితే పెళ్లి ఫొటోలకి కూడా రానన్ని లైకులొచ్చాయ్.

ఈ ఏడాది ఫిబ్రవరిలో అత్తయ్య ఫోన్ చేసింది. “మీ మావయ్య చెయ్యి తెగింది, రా” అని మాత్రం చెప్పి పెట్టేసింది.

జరిగింది ఇదీ. పట్టీ ఒక చోట పాము పడగలా పైకి లేచింది. ముందు రోజు దానికి వల తగులుకుని రెండు బారలు చిరిగింది. మర్నాడు చీకట్లో వల లాగుతుంటే దాని మొన మోచేతి కింద దిగింది. ఏడు కుట్లు. మూడు వారాలు వేట లేదు. మావయ్య నన్నేమీ అనలేదు. అత్తయ్య మాత్రం అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

రేవుకెళ్లి పట్టీ ఊడదీశా. ఇత్తడికి ఏమీ కాలేదు, కాస్త నల్లబడిందంతే. స్క్రూలే లేవు! తలల చోట ఎర్రటి పిండి రాలింది. లోపల మిగిలిన ముక్కలు సూదుల్లా సన్నబడ్డాయి. చుట్టూ చెక్క నల్లగా మారి, గోరుతో గిల్లితే ఊడొస్తోంది.

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, దీనికి కారణం నేను ఇంజనీరింగ్ ఫస్టియర్‌లోనే చదివా. ఎలక్ట్రోకెమికల్ సిరీస్. పది మార్కుల ప్రశ్న. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి, మధ్యలో తడి ఉంటే అదొక బ్యాటరీ. అందులో బలహీనమైన లోహం కరుగుతుంది. రాగి కలిసిన ఇత్తడి పక్కన ముందు జింకు పూత పోతుంది, ఆ తర్వాత ఇనుము. పట్టీ పెద్దది, స్క్రూ చిన్నది. అంత పెద్ద పట్టీ దెబ్బంతా ఇంత స్క్రూ మీద పడుతుంది. కృష్ణ మంచినీళ్లు కాబట్టి ఏడాది ఆగింది, సముద్రమైతే అంతకూడా ఆగేది కాదు.

ఇదే తప్పు బ్రిటిష్ నౌకాదళం 1761లో చేసింది. చెక్క తొలిచే పురుగుల బాధ తప్పించుకోవడానికి ‘అలారం’ అనే యుద్ధనౌక అడుగుకి రాగి రేకులు వేశారు. మేకులు ఇనపవి. వెస్టిండీస్ తిరిగొచ్చాక 1763లో చూస్తే చాలా చోట్ల రేకులు ఊడిపోయాయి, మేకులు కరిగి ముద్దయిపోయాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకో తెలుసా? రేకులు చుట్టి తెచ్చిన గోధుమరంగు కాగితం చింపకుండా అలాగే కొట్టేశారు కొన్నిచోట్ల. ఆ కాగితం రాగికీ ఇనుముకీ మధ్య అడ్డుగా నిలిచింది! రెండొందల అరవై ఏళ్ల తర్వాత అదే ప్రయోగం మా మావయ్య పడవ మీద చేశాన్నేను, కాగితం కూడా లేకుండా.

“పాతది ఇనప పట్టీ, ఇనప మేకులు. తుప్పుపట్టినా రెండూ కలిసే పట్టాయి అల్లుడూ. ఇరవై ఏళ్లు మోసింది” అన్నాడు మావయ్య, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని.

రెండోసారి పని నాలుగు శని, ఆదివారాలు పట్టింది. నల్లబడ్డ చెక్కని గట్టి చెక్క తగిలేదాకా చెక్కి, ఎండబెట్టాం. పాత బొక్కల్లో కొయ్య చీలలు జిగురు పెట్టి దిగ్గొట్టి, కొత్త బొక్కలు వేరే చోట వేశాం. ఇత్తడి స్క్రూల కిటుకు ఈసారి ఊళ్లో వడ్రంగి తాత చెప్పాడు: ముందు బొక్క వేసి, అదే సైజు ఉక్కు స్క్రూ ఒకసారి తిప్పి తీసెయ్యాలి. దారి పడుతుంది. తర్వాత ఇత్తడి స్క్రూకి కొవ్వొత్తి మైనం రాసి, మెషీన్ కాకుండా చేత్తో తిప్పాలి. ఒక్క తల తెగితే ఒట్టు! తలలు పట్టీలోకి దిగేలా గుంటలు వేసి, మొనలన్నీ ఆకురాయితో గుండ్రంగా రుద్దాం. పట్టీ కిందకి నేను తెచ్చిన సీలెంట్ ట్యూబ్ పక్కన పెట్టించి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాడు మావయ్య. ఆ వాసన రెండ్రోజులు చొక్కాకి వదల్లేదు.

ముక్కుకి మాత్రం ఇత్తడి వద్దన్నాడు. మెత్తన కదా, రాళ్లకి ఆగదు. అక్కడ మళ్లీ ఇనప పట్టీ, ఇనప మేకులే. రెండు లోహాలూ తగలకుండా మధ్యలో జానెడు చెక్క ఖాళీగా వదిలాం.

స్టీలు వేయొచ్చుగా అని ఫ్రెండ్స్ అడిగారు. వేయొచ్చు. పట్టీ 304 అయితే స్క్రూ కూడా 304 ఉండాలి, ఉప్పునీళ్లకైతే రెండూ 316. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అనుకోవద్దు. త్వరగా తుప్పుపట్టే 202కి కూడా సాధారణంగా అంటుకోదు. షాపులో గ్రేడు బిల్లు మీద రాయించుకోవడం మేలు.

పని అయ్యాక మావయ్య మచ్చ ఉన్న చేత్తోనే అంచంతా ఈ చివర నుంచి ఆ చివరకి తడిమి చూశాడు. ఏమీ అనకుండా పడవ నీళ్లలోకి తోశాడు. ఈసారి రీల్ తీయలేదు నేను.

మొన్న వాళ్లింట్లో కొత్త ఫ్యాన్ బిగిద్దామని స్టూలెక్కా. కింద నుంచి అత్తయ్య, “ముందు ఆ స్క్రూల ప్యాకెట్ ఇటియ్యి, మీ మావయ్య చూస్తాడంట” అంది.