దారి అడిగితే చెప్పే పటం

కణేకల్‌లో ఎవరినైనా దారి అడగండి. "చెరువు కట్ట దిగు. చింతమాను దాటు. గుడి కాడ ఎడమ పక్కకు తిరుగు" అంటారు. ఇన్ని మీటర్లు పో అని ఎవరూ చెప్పరు. వీధి పేరు కూడా చెప్పరు. గుర్తులే చెప్తారు.

అనంతపురం జిల్లాలో వానలు తక్కువ. పంట పోయిన ఏడు చాలామంది బెంగళూరుకు కూలికి పోతారు. బస్సు దిగితే అంతా కొత్త. బోర్డుల మీద కన్నడం, ఇంగ్లీషు. తెలుగు చదవడం వచ్చినా దారి తెలియదు. ఎవరినో ఒకరిని అడగాలి. ఆ మనిషి మంచివాడైతే సరే!

ఆ బెంగళూరులోనే 2005లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. అక్కడ ఇంద్రాణి మేధి అనే ఆమె, తోటివాళ్లు ఒక ప్రశ్న వేసుకున్నారు. చదువు రానివాళ్లు కంప్యూటర్ వాడాలంటే అది ఎట్లా ఉండాలి? ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల దగ్గరికి పోయి అడిగారు. చూశారు. రెండు తయారుచేశారు. ఒకటి పని వెతుక్కునేది. రెండోది ఊరి పటం, అంటే మ్యాప్. రెండింటిలోనూ అక్షరాలు లేవు. బొమ్మలున్నాయి. మాట వినిపిస్తుంది.

బొమ్మ గీయడం సులువు అనుకుంటాం. కాదు. గిన్నెలు కడిగే పని అని చూపించాలని తొట్టి, కొళాయి గీశారు. చూసినవాళ్లు "ఇది వంటిల్లు" అన్నారు. కొళాయిలో నీళ్లు పారుతున్నట్లు గీస్తేనే అది పని అని తెలిసింది. తప్పు ఆడవాళ్లది కాదు, బొమ్మది. అందుకే బొమ్మను మార్చారు. ఈ సంగతులు 2006లో అచ్చయ్యాయి. తర్వాత ఇంద్రాణి ఇదే విషయం మీద బొంబాయి ఐఐటీలో డాక్టరేట్ చేశారు.

గూగుల్ కంపెనీ పటం కూడా మొదట్లో వీధి పేర్లతోనే దారి చెప్పేది. మన దేశంలో జనం గుర్తులతో పోతారని ఆ కంపెనీ తెలుసుకుంది. 2009 డిసెంబరులో దారిలో కనిపించే గుర్తులనూ చెప్పడం మొదలుపెట్టింది. కణేకల్‌లో అడిగినా ఆ మాట చెప్పేవాళ్లు.

ఇప్పుడు ఫోన్‌లో పటం తెరిస్తే నీలం చుక్క కనిపిస్తుంది. అది మీరున్న చోటు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు సంకేతాలు పంపుతాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే ఫోన్ లెక్క కట్టి చోటు చెప్తుంది. మైకు గుర్తు నొక్కి ఊరి పేరు పలికినా చాలు, వెతుకుతుంది.

అయినా అన్నీ దానికి తెలియవు. కణేకల్ పక్కన వేదవతి నది ఉంది. దాన్నే హగరి అంటారు. ఆ ఇసుక గాలికి లేచి పొలాల మీద మేట వేస్తుంది. నిన్నటి బండి బాట రేపు ఉండకపోవచ్చు. పటం మాత్రం పాత బాటనే చూపిస్తుంది. అట్లాంటప్పుడు పశువులు కాసే పిల్లవాణ్ణి అడగడమే మేలు.

పటంలో లేని గుడి, బడి, అంగడి ఏదైనా ఉంటే ఫోన్ నుంచే తెలపవచ్చు. కంపెనీవాళ్లు సరిచూసి చేరుస్తారు. ఆ పేరు తెలుగు అక్షరాల్లో రాయవచ్చు.