అంధుని దృష్టిమండలము

ఒక యింద్రియము లోపించినవానికి మిగిలిన వానిని భగవంతుడు పదునుపెట్టి యిచ్చునను నమ్మకము మనలో చిరకాలముగా పాతుకొనియున్నది. ఇందు సత్యము కొంత లేకపోలేదు గాని, పదునెక్కునది చెవియా, వ్రేలికొనయా, లేక యవి తెచ్చిన వార్తలను విమర్శించు మెదడా యనునదియే విచారింపదగిన విషయము.

గోడ సమీపించుటను ముఖచర్మముచే గ్రహింతుమని అంధులు పలువురు చెప్పుచుండెడివారు. 1944లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. ముఖమునకు దళసరి ముసుగు వేసినను అంధులు గోడను ముందుగనే పసిగట్టిరి. చెవులు మూసినంతనే పోయి ఢీకొనిరి. మేజోళ్లతో తివాచీపై నడిపించినప్పుడును వారి నేర్పు సన్నగిల్లెను. ఏలయన, తమ యడుగుల చప్పుడు గోడను దాకి మరలివచ్చుటయే వారికి ఆధారము. చెవి చేసిన పనికి చెంపకు కీర్తి దక్కినదన్నమాట!

అంతకన్న విచిత్రము మెదడులోనిది. చిన్ననాటనే చూపు పోయినవారు బ్రెయిలీ చదువునప్పుడు, తల వెనుకనుండు దృష్టిమండలము చురుకుగా పనిచేయుచున్నదని 1996లో సదాతో ప్రభృతులైన పరిశోధకులు కనుగొనిరి. ఆ చలనము నిరర్థకమేమోయని శంకించువారికి, 2000లో ప్రకటితమైన యొక వృత్తాంతము సమాధానము చెప్పినది. పుట్టంధురాలైన యొక స్త్రీ బ్రెయిలీ చదువుటలో మిక్కిలి ప్రవీణురాలు. ఆమెకు 63వ యేట మెదడున రక్తప్రసరణ నిలిచి, ఆ మండలము ఇరుప్రక్కల దెబ్బతినెను. పిమ్మట, కాగితముపై చుక్కలున్న సంగతి ఆమె వ్రేళ్లకు స్పష్టముగనే తెలియుచుండెను. గరుకు, నునుపు తెలియుచుండెను. నాణెములను, ఇంటి తాళపుచెవిని తడిమి గుర్తించుచుండెను. అక్షరము మాత్రము అందకపోయెను. ఎన్నడును వెలుగు నెరుగని దృష్టిమండలమే ఆమెకు ఇన్నేండ్లు చదువుట కుపకరించినదనుట కింతకన్న నిదర్శన మేమి కావలెను?

అయితే ఈ పునర్నియోగము బాల్యముననే బలముగా జరుగును. అయస్కాంత స్పందములతో దృష్టిమండలమును క్షణకాలము కలవరపెట్టినచో, చిన్నతనమున చూపు పోయినవారు బ్రెయిలీ తప్పుగా చదివిరి గాని, 14 ఏండ్లు దాటిన పిదప అంధులైనవారికి చెప్పుకోదగిన బాధ కలుగలేదు. బధిరుల విషయమును ఇట్టిదే: చెవిటి పిల్లులలో, మెదడున వినికిడికై యేర్పడిన శబ్దమండలము చూపునకు తోడ్పడుచున్నదని 2010లో తేలినది. శబ్దమండలము చిరకాలము వినికిడి లేక యుండి యన్యకార్యములకు అలవడినచో, తరువాత శస్త్రచికిత్సచే లోచెవిలో అమర్చిన కాక్లియర్ యంత్రము పంపు శబ్దములను మాటలుగా గ్రహించుట దుష్కరమగును. పుట్టుచెవిటి శిశువులకు ఆ శస్త్రచికిత్సను మూడేండ్లలోపున చేయింపుడని వైద్యులు తొందరించుటకు ఇది యొక ముఖ్యకారణము.