చేత్తో మూసి చూడండి: ఆటో హెడ్‌లైట్ల కథ

1873 ఫిబ్రవరిలో విలోబీ స్మిత్ అనే ఇంగ్లిష్ టెలిగ్రాఫ్ ఇంజనీరు తనకు ఎదురైన చిక్కును వివరిస్తూ తోటి ఇంజనీరు లాటిమర్ క్లార్క్‌కు ఉత్తరం రాశాడు. స్మిత్ పని సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్లు వేయించడం. ఓడ మీది నుంచి కేబులు నీళ్లలోకి దిగుతున్నంతసేపూ అది ఎక్కడా దెబ్బతినలేదని పరీక్షిస్తూ ఉండాలి. ఆ పరీక్షకు కరెంటును బాగా అడ్డుకునే పదార్థం కావాలి, ఆ అడ్డుకోవడంలో హెచ్చుతగ్గులు ఉండకూడదు. సెలీనియం పనికొస్తుందని కడ్డీలు సిద్ధం చేయించాడు. కొలిచిన ప్రతిసారీ వాటి నిరోధం వేరుగా వచ్చింది.

కడ్డీలను మూత ఉన్న పెట్టెలో పెట్టి చూశాడు. మూత వేసి ఉన్నంతసేపూ నిరోధం ఎక్కువగా, నిలకడగా ఉంది. మూత తీయగానే పడిపోయింది. కొన్ని అడుగుల దూరంలో వెలుగుతున్న గ్యాస్ దీపానికి చెయ్యి అడ్డం పెట్టినా చాలు, నిరోధం నూటికి పదిహేను నుంచి ఇరవై పాళ్లు పెరిగేది. కడ్డీల్లో లోపం లేదు. వాటి మీద పడే వెలుతురును బట్టి వాటిగుండా వెళ్లే కరెంటు మారుతోంది. ఆ నెలలోనే ‘నేచర్’ పత్రిక ఈ సంగతిని అచ్చువేసింది.

సాయంత్రం కాగానే కారు లైట్లు వాటంతట అవే వెలగడానికి మూలం ఇక్కడ ఉంది. ఒక లోపాన్ని వెతుకుతూ పోయిన మనిషికి దొరికిన గుణం అది. ఆయన చేసిన పరీక్షే, అంటే మూయడం, తెరవడం, చెయ్యి అడ్డం పెట్టడమే, నూటయాభై ఏళ్లు దాటినా మీ కారు ఆటో లైట్లకు చేయాల్సిన మొదటి పరీక్ష. దానికి పైసా ఖర్చు లేదు. అయినా చాలా చోట్ల అది చేయకుండానే సెన్సర్ మార్చేస్తున్నారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

కారులోకి ఈ వెలుతురు కన్ను 1952లో వచ్చింది. జనరల్ మోటార్స్ ఆ ఏడాది కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లకు ‘ఆట్రానిక్ ఐ’ అనే పరికరాన్ని అమర్చింది. డాష్‌బోర్డు మీద ముందు అద్దంలోంచి రోడ్డును చూస్తూ నిలబడ్డ చిన్న గొట్టం అది. లోపల వందల వోల్టులతో పనిచేసే ఫోటో ట్యూబు ఉండేది. ఎదురుగా వచ్చే బండి లైటు దాని మీద పడగానే హైబీమ్‌ను లోబీమ్‌కు మార్చేది. మన లారీ డ్రైవర్లు చేత్తో కొట్టే డిప్పర్‌ను యంత్రానికి అప్పగించారన్నమాట. ఆలోచన మంచిదే. కానీ వీధి దీపాలు, దారిపక్క మెరిసే బోర్డులు కూడా దానికి ఎదురొచ్చే బండిలాగే కనిపించేవి, అందుకని అనవసరంగా లైటు దించేసేది. వెలుతురు ఎంత ఉందో దానికి తెలుసు, అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. వెలుతురును మాత్రమే కొలిచే ఈ జాతి యంత్రాలకు ఆ పరిమితి నేటికీ ఉంది.

చీకటి పడితే వెలగడం, తెల్లారితే ఆరడం అనే రెండో పని ఆ తర్వాత వచ్చింది. 1964 కాడిలాక్‌లో దాన్ని ‘ట్విలైట్ సెంటినెల్’ పేరుతో ఇచ్చారు. కారు ఆపి దిగిపోయాక కూడా మనం ఇంటి తలుపు చేరేదాకా లైట్లను కాసేపు వెలిగించి ఉంచే ఏర్పాటు అందులోనే ఉంది. ఇలాంటి పరికరాల్లో సెలీనియం స్థానంలోకి కాడ్మియం సల్ఫైడ్ పొర వచ్చింది. చీకట్లో దాని నిరోధం లక్షల ఓమ్‌లు, మంచి వెలుతురులో వందలూ వేలూ మాత్రమే. ఇంత తేడా ఉంటే ఒక ట్రాన్సిస్టరు, ఒక రిలే పెట్టి లైట్లు వెలిగించవచ్చు. కాడ్మియం విషపదార్థం కావడంతో 2000లో యూరప్ వాహనాల్లో దాని వాడకాన్ని కట్టడి చేసింది. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉన్నది సిలికాన్ ఫోటోడయోడ్.

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. సూర్యుడు దిగంతానికి చేరేసరికి అది నాలుగు వందలకు దగ్గరగా వస్తుంది. నిండు పున్నమి వెన్నెల ఒక్క లక్స్ కూడా ఉండదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 48వది ఈ లైట్ల పనికి లెక్క కట్టింది. వెలుతురు 1000 లక్స్ కంటే తగ్గితే రెండు సెకన్లలోపు లైట్లు వెలగాలి. 7000 దాటితే ఆరిపోవాలి, అదీ వెంటనే కాకుండా అయిదు సెకన్లు దాటాక, మూడు వందల సెకన్లలోపు. ఈ రెండింటి మధ్య ఏం చేయాలన్నది తయారీదారు ఇష్టం.

ఆ రెండు అంకెల మధ్య ఇంత ఎడం ఎందుకంటే, వెలిగే హద్దూ ఆరే హద్దూ ఒకటే అయితే మబ్బు పట్టిన సాయంత్రం లైట్లు గుమ్మంలో తటపటాయించే మనిషిలా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఎడం ఉంటే ఒకసారి వెలిగినవి నిలబడతాయి. చెట్ల నీడలోంచి, వంతెన కిందనుంచి పోయేటప్పుడు ఆ సెకన్ల ఆలస్యం కాపాడుతుంది. లోపమని మనం అనుకునేవి కొన్ని లోపాలు కావని కూడా ఈ లెక్కలే చెబుతున్నాయి. ‘ఇంకా పొద్దుండగానే లైట్లు వెలుగుతున్నాయి’ అని చాలామంది సర్వీసు సెంటరుకు వెళుతుంటారు. వెయ్యి లక్స్ అంటే పొద్దు గూకక ముందటి వెలుతురే, కాబట్టి ఆ కారు సరిగ్గానే ఉంది. ఒకే రోడ్డు మీద పక్క కారు లైట్లు ముందే వెలిగి మీవి వెలగకపోయినా కంగారు అక్కర్లేదు, ఇద్దరు తయారీదారులు వేర్వేరు హద్దులు పెట్టుకుని ఉండవచ్చు.

ఇక నిజమైన జబ్బుల సంగతి. మిట్టమధ్యాహ్నం ఎండలో లైట్లు ఆరడం లేదనుకోండి. సెన్సర్ ఎక్కడుందో మొదట చూడండి. కొన్ని కార్లలో అది డాష్‌బోర్డు మీద, అద్దానికి దగ్గరగా నల్లటి చిన్న బుడిపెలా ఉంటుంది. మన కార్లలో అదే చోట వినాయకుడో వేంకటేశ్వరుడో కొలువై ఉంటాడు. ముందు పూలు, కింద వెల్వెట్ గుడ్డ, పక్కన టోల్ రసీదులు. ఏది ఆ బుడిపె మీదికి వచ్చినా దానికి రాత్రే. దేవుణ్ణి ఒక జానెడు పక్కకు జరిపితే తీరిపోయే జబ్బుకు వేల రూపాయల బిల్లు కట్టిన వాళ్లున్నారు. ఇంకొన్ని కార్లలో సెన్సర్ వెనక చూసే అద్దం వెనకాల, ముందు అద్దానికి అతికి ఉంటుంది. ఫాస్టాగ్ అతికించే చోటూ అదే. స్టిక్కరు సెన్సర్ ముందుకు వస్తే, ముదురు ఫిల్మ్ పైనుంచి కిందికి దాని మీదుగా దిగితే కన్ను మూసినట్టే.

రాయి తగిలి ముందు అద్దం మార్చాక ఆటో లైట్లు తిక్కగా ప్రవర్తిస్తున్నాయంటే కారణం చాలావరకు అక్కడే ఉంటుంది. వాన సెన్సరూ వెలుతురు సెన్సరూ ఒకే డబ్బాలో ఉన్న కార్లలో ఆ డబ్బాకూ అద్దానికీ మధ్య పారదర్శకమైన మెత్తటి జెల్ పొర ఉంటుంది. పాత పొరనే మళ్లీ అతికిస్తే, మధ్యలో గాలి బుడగలు మిగిలితే వెలుతురు సరిగా చేరదు, వైపర్లు కూడా వానలేకుండా తిరుగుతాయి. పొర మార్చితే సరి, సెన్సర్ మార్చనక్కర్లేదు.

పైన ఏ అడ్డూ లేకపోయినా పగలంతా లైట్లు వెలుగుతున్నాయంటే వైరింగు మీద అనుమానపడాలి. ఈ యంత్రంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇక్కడే ఉంది. చీకట్లో కాడ్మియం సల్ఫైడ్ కరెంటును దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఫోటోడయోడ్ నుంచీ చీకట్లో వచ్చే కరెంటు దాదాపు సున్నాయే. తీగ తెగినా, కనెక్టరు ఊడినా వచ్చే కరెంటు సున్నా. కాబట్టి తెగిన తీగ ఆ యంత్రానికి రాత్రిలా కనిపిస్తుంది. చెడిపోతే వెలిగే వైపుకు చెడిపోతుంది. ఇప్పటి కార్లలో సెన్సర్ కబురును కారు లోపలి కంట్రోల్ మాడ్యూలు అందుకుంటుంది. కబురు ఆగిపోతే చాలా కార్లలో ఆ మాడ్యూలు కూడా లైట్లను వెలిగించే ఉంచుతుంది, లోపం కోడును నమోదు చేసుకుంటుంది. స్కానర్ తగిలిస్తే ఆ కోడు కనిపిస్తుంది. ఎలుకలు కొరికిన తీగలు, నీరు దిగి పచ్చగా పట్టిన కనెక్టర్లు ఇలాగే బయటపడతాయి.

అసలు ప్రమాదం దీనికి వ్యతిరేక దిశలో ఉంది. పాత తరహా సర్క్యూట్లో సెన్సర్ రెండు తీగలూ ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే నిరోధం పడిపోతుంది, యంత్రానికి అది మండుటెండ. రాత్రి పడినా లైట్లు వెలగవు. పగలు వెలిగే లైట్లను నాలుగు రోజులు భరించవచ్చు, చీకట్లో వెలగనివాటిని ఒక్క పూట కూడా ఉపేక్షించకూడదు.

వెలగనప్పుడు వెతకాల్సిన దారి తేలిక. నాబ్‌ను ఆటో నుంచి తిప్పి చేత్తో లైట్లు వేయండి. అప్పుడు వెలిగితే బల్బులు, ఫ్యూజులు బాగున్నట్టే, తప్పు సెన్సర్ వైపో మాడ్యూలు వైపో ఉంది. అప్పుడూ వెలగకపోతే సెన్సర్‌ను వదిలేసి ఫ్యూజు, రిలే, స్విచ్చి చూడాలి. ఒక్క వైపే వెలగడం లేదంటే దాదాపు ఎప్పుడూ అది బల్బో దాని హోల్డరో ఎర్త్ తీగో. తర్వాత నాబ్ మళ్లీ ఆటోలో పెట్టి, ఇంజిను నడుస్తుండగా, పగటి వెలుతురులో ఆ నల్ల బుడిపెను మందపాటి గుడ్డతో పూర్తిగా కప్పి కాసేపు ఆగండి. వెలిగితే సెన్సర్ బతికే ఉంది. గుడ్డ తీశాక ఆరడానికి నిమిషాలు పట్టవచ్చు, తొందరపడి తీర్పు చెప్పకండి.

సెన్సరుతో పనిలేని లైట్లూ ఉన్నాయి. మన రోడ్ల మీదికి వచ్చే కొత్త మోటారు సైకిళ్లకు 2017 ఏప్రిల్ నుంచి ఇంజిను ఆన్ అయితే హెడ్‌లైటు కూడా ఆన్ ఉండే పద్ధతి తప్పనిసరి చేశారు. దానికి సెన్సర్ లేదు, స్విచ్చీ లేదు. అది తెలియక పగలు ‘లైటు వేసి ఉంది’ అని వేళ్లు విప్పి సైగ చేసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. కార్లలో పగటి లైట్లు కూడా అలాంటివే. కానీ వాటితో ఒక చిక్కుంది. చాలా కార్లలో అవి ముందువైపు మాత్రమే వెలుగుతాయి. డాష్‌బోర్డు కూడా వెలుగుతూ ఉంటే లైట్లన్నీ ఉన్నాయని డ్రైవరు అనుకుంటాడు, వెనక ఎర్రదీపాలు మాత్రం చీకటిగా ఉంటాయి. 1989 చివరి నుంచే కొత్త కార్లకు పగటి లైట్లు తప్పనిసరి చేసిన కెనడా ఈ ముప్పును గమనించి, 2021 సెప్టెంబరు నుంచి వచ్చే కొత్త వాహనాల్లో దాన్ని సరిదిద్దే నిబంధన తెచ్చింది.

పొగమంచులో ఇదే చిక్కు ఇంకా ముదురుతుంది. మంచు తెల్లగా, కాంతిగా ఉంటుంది. పది గజాల దూరంలోని లారీ కనపడకపోయినా సెన్సర్ మీద వేల లక్స్ పడుతూ ఉండవచ్చు. అది కొలిచేది వెలుతురును మాత్రమే, మనకు ఎంత దూరం కనిపిస్తోందన్నది దానికి తెలియదు. దాని దృష్టిలో అది పగలే, కాబట్టి లైట్లు వెయ్యదు. సెన్సర్ నూటికి నూరుపాళ్లు బాగున్నా జరిగేది ఇదే. కుండపోత వానలోనూ ఇలా జరగవచ్చు. కొన్ని కొత్త కార్లు వైపర్లు తిరగగానే లైట్లు వేస్తున్నాయి, కెమెరాతో రోడ్డును చూసేవీ వచ్చాయి. మీ కారు వాటిలో ఒకటి అవునో కాదో మాన్యువల్ చూసి తెలుసుకోండి.

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి విజయవాడకు బయల్దేరేవాళ్లూ, లంబసింగి ఘాటు ఎక్కేవాళ్లూ మంచు కనబడగానే నాబ్‌ను చేత్తో తిప్పి లోబీమ్ వెయ్యండి. ఒకసారి బండి ఆపి, వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయో లేదో దిగి చూసుకోండి.