సాక్షి చెప్పిందొకటి, కాయితం మీద పడ్డదొకటి

జిల్లా కోర్టుల సాక్ష్యం ఎట్ల రాస్తరో తమ్ముళ్లల్ల, చెల్లెండ్లల్ల శానమందికి తెల్వదు. నేను కేసుల ఎంబడి తిరిగి, వెనుక బెంచీల మీద గూసోని నేర్సుకున్నదే గిప్పుడు చెప్తున్న.

బోనెక్కిన అవ్వ మన భాషల చెప్తది: "ఒర్రుడు ఇనొస్తె ఉరికొచ్చిన, వచ్చేటాలకు కొడుకు కింద పడున్నడు, వాళ్లు కట్టెలు పట్టుకొని నిలబడ్డరు". జడ్జి గారు అది ఇని తన మాటల్ల స్టెనోకు చెప్తరు. స్టెనో టైపు చేస్తడు. మూడు చేతులు మారేటాలకు కాయితం మీద "వారు కర్రలతో కొట్టుచుండగా చూచితిని" అని పడొచ్చు. ఎవ్వరూ కావాల్నని చేసింది కాదు. కని అవతలి వకీలు క్రాస్‌ల లేస్తడు: "కొట్టంగ నువ్వు జూసినవా?" అంటడు. "లే బాంచెన్, పడ్డంక జూసిన" అంటదామె. అయిపాయె, అవ్వ అబద్ధాలకోరు అయితది. పై కోర్టు కూడ గా కాయితమే చూస్తది, అవ్వ గొంతు ఇనది.

రాసినంక సాక్షికి చదివి వినిపియ్యాలె, వేరే భాషల రాస్తె ఆమె భాషల చెప్పాలె అని చట్టంల ఉంది. పాత సీఆర్‌పీసీల 278, గిప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌ల 313. తప్పుంటె అక్కడనే అడగొచ్చు. లైనుల యాభై కేసులున్న రోజు గా చదువుడు ఎట్లుంటదో కోర్టుకు పోయినోళ్లకు ఎరుకే.

మరి రికార్డింగు పెట్టొద్దా? పెట్టొచ్చు. వారంట్ కేసులల్ల నిందితుని వకీలు ముందట సాక్ష్యాన్ని ఆడియో, వీడియోల తీసుకోవచ్చని 2008 సవరణ చెప్పింది. గది "తీసుకోవచ్చు" మాత్రమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అట్ల కాదు. 2016 జనవరి 26 నుంచి అమలైన సెక్షన్ 15ఎ(10) ప్రకారం గా కేసుల కార్యక్రమమంత వీడియో రికార్డు చెయ్యాల్సిందే. 2017 మార్చిల సుప్రీంకోర్టు ఒక్కో రాష్ట్రంల కనీసం రెండు జిల్లాల కోర్టులల్ల సీసీ కెమెరాలు పెట్టుమన్నది గని, ఆడియో లేకుంట! మూగ బొమ్మతోని సాక్ష్యం ఎట్ల తెలుస్తది? అదే ఏడు ఆగస్టుల ఆడియో కూడ ఉండాలన్నది, నయమే.

గిక్కడ అసలు కథ ఉంది. కెమెరా పెట్టంగనే మాట రికార్డు కాదు. సప్పుడు దూరమైతున్నకొద్ది పల్సబడుతది. జానెడు దూరంల ఉన్న మైకును రెండు జానెలకు జరిపితె మాట సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతది. నెత్తి మీద తిరిగే ఫ్యాను సప్పుడు మాత్రం తగ్గది. తర్వాత వాల్యూం పెంచితె మాటతోని ఫ్యాను గూడ పెరుగుతది. గందుకే సీలింగుకు ఏలాడే కెమెరాల మైకును నమ్ముకుంటె ఫ్యాను సాక్ష్యం చెప్పినట్టుంటది.

జడ్జికి, సాక్షికి, రెండు దిక్కుల వకీళ్లకు ఒక్కొక్క మైకు కావాలె. నాలుగింటిని కలిపి ఒకటే తీగల పోయొద్దు, ఏ మైకు సప్పుడు ఆ ట్రాకుల ఏరే ఉండాలె. వకీలు "అబ్జెక్షన్" అని ఒర్రినప్పుడు కింద సాక్షి మాట మునుగుతది. ఏరే ట్రాకు ఉంటె దాన్ని పైకి తియ్యొచ్చు. వకీలు తన మనిషి చెవుల గుసగుస పెట్టేటందుకు మైకు బందు చేసే బటన్ ఉండాలె, లేకుంటె వాళ్ల రహస్యం రికార్డుల పడుతది. ఒక మనిషి హెడ్‌ఫోన్ పెట్టుకొని రికార్డయిందాన్నే ఇనుకుంట కూసోవాలె. ఎర్రబుగ్గ వెలుగుతుందని నమ్మితె, మైకు తీగ ఊడిన సంగతి సాయంత్రం గాని తెల్వది. ఏ నిమిషంల ఎవరు మాట్లాడిన్రో రాసుకోవాలె. రెండో మిషను కూడ నడవాలె. అమెరికాల అలాస్కా రాష్ట్రం 1960 నుంచి కోర్టు రికార్డు సప్పుడు మీదనే నడిపిస్తున్నది, గంటె ఇది కొత్త ఇద్దె ఏం కాదు.

సాక్షి తలకాయ ఊపితె ఆడియోల ఏం పడది. "సాక్షి అవునన్నట్టు తల ఊపింది" అని ఎవరో ఒకరు పైకి అనాలె.

2023 ఫిబ్రవరి నుంచి సుప్రీంకోర్టుల కృత్రిమ మేధతోని వాదనలు రాపిస్తున్నరు. మంచిదే. అయితె మన యాస గా మిషన్లకు ఎంత తెలుస్తదో నాకు అనుమానమే. "ఒర్రుడు"ను ఏమని రాస్తదో! గందుకే మిషను రాసినా అసలు ఆడియో దాచిపెట్టాలె, అనుమానం వస్తె ఇనేటట్టు ఉండాలె. దాచుడు ఏరు, అందరికి చూపెట్టుడు ఏరు. లైంగిక దాడి కేసుల, పిల్లల కేసుల రికార్డు వాట్సాప్‌లకు ఎక్కితె సాక్షి బతుకు ఆగమైతది.

ఇంకొకటి, జర పైలం. మీ ఫోన్‌తోని దొంగతనంగ రికార్డు చెయ్యకుండ్రి. ఫోన్ గుంజుకుంటరు, కోర్టు ధిక్కారం కేసు కూడ కావొచ్చు. మీ ఊర్ల అట్రాసిటీ కేసు విచారణకు వస్తుంటె సాక్ష్యం మొదలుగాక ముందే, మీ వకీలు తోని గాని స్పెషల్ పీపీ తోని గాని 15ఎ(10) కింద మెమో ఎయ్యమనుండ్రి. అండ్లనే ఒక లైను పెట్టమనుండ్రి: సాక్షి బోనెక్కంగనే పేరు, ఊరు చెప్పించి, గా రికార్డు అక్కడనే ఇని చూసి, మాట సాఫ్‌గ ఉంటెనే ముందుకు పోవాలని.