శత్రువు పేరున ఓ తీపి

యూదుల ప్రార్థనాలయంలో ఏడాదికోసారి గోల చేయడమే మర్యాద. ఎస్తేరు గ్రంథం చుట్ట విప్పి చదువుతుంటారు. ‘హామాను’ అన్న పేరు వచ్చిందంటే చాలు, పిల్లలు గిలకలు గిరగిరా తిప్పుతారు, పెద్దలు కాళ్లు నేలకేసి కొడతారు. ఆ పేరు ఎవరి చెవినా పడకూడదు. గ్రంథంలో అది 54 సార్లు వస్తుంది, ప్రతిసారీ ఇదే తంతు. ఇంతా చేసి, ఆ హామాను పేరే పెట్టుకున్న మిఠాయిని తెల్లారాక డబ్బాల్లో సర్ది ఇరుగుపొరుగుకు పంచుతారు. దాని పేరు హమంతాషెన్, ఒక్కటైతే హమంతాష్. పండుగ పేరు పూరీము. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వస్తుంది.

తెలుగు బైబిలు చదివినవారికి కథ కొత్తది కాదు. ఇప్పటి ఇరాన్‌లోని షూషను కోట. తనకు మొక్కలేదని మొర్దెకై అనే యూదుడి మీద పగబట్టిన మంత్రి హామాను, అతని జాతినంతా ఒక్కరోజులో తుడిచిపెట్టాలని చీట్లు వేయించి ముహూర్తం తీస్తాడు. రాణి ఎస్తేరు తానూ ఆ జాతిదాన్నేనని విందులో రాజు ఎదుట బయటపెడుతుంది. మొర్దెకై కోసం చేయించిన 50 మూరల ఉరికొయ్యకే హామాను వేలాడతాడు.

మిఠాయికి మూడు మూలలు. అది హామాను టోపీ అంటారు. మూడు మూలల టోపీ పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా దొరలది. పారసీక మంత్రి నెత్తిన అదెప్పుడు కూర్చుందని అడిగే పిల్లలకు జవాబు దొరకదు. ఇజ్రాయెల్‌లో మాత్రం వాటిని హామాను చెవులంటారు.

అసలు సంగతి పూర్ణంలో ఉంది. పాత పద్ధతిలో అది గసగసాలదే. మన తెల్లవి కావు, మధ్య, తూర్పు ఐరోపా వంటల్లో వాడే నీలి గసగసాలు. మెత్తగా నూరి, పాలూ తేనే పోసి దగ్గరపడేదాకా ఉడికిస్తారు. కొన్ని ఎండుద్రాక్షలు, కాస్త నిమ్మతొక్క తురుము చేరుతాయి. చూస్తే నల్లటి ముద్ద, తొలిసారి చూసినవారికి నోరూరదు. కొరికాక తెలుస్తుంది: తేనె తీపి వెనకాలే గింజల కమ్మదనం, చివర్లో నాలుకకు తగిలీ తగలని చేదు. రాజభవనంలో ఎస్తేరు మాంసం ముట్టక గింజలతో, పప్పులతో కడుపు నింపుకుందని యూదుల పెద్దలు చెబుతారు. గసగసాలు వాడడానికి వారు చూపే కారణాల్లో అదొకటి. (దుబాయ్ వెళ్లే మనవాళ్లు సామాన్లలో గసగసాలు పెట్టుకోరు, అక్కడ నిషేధం. కాబట్టి ఈ తీపినీ ఆ విమానం ఎక్కించకండి.)

రెండో పూర్ణం ప్లమ్ జామ్. ప్లమ్ అంటే రేగుపండు జాతి అనుకునేరు. ప్లమ్ వేరు, రేగు వేరు. ఆ జామ్ వెనక ఓ కేసుంది. 1731లో బొహీమియాలోని యుంగ్‌బుంజ్‌లావ్ అనే ఊళ్లో, అంటే నేటి చెక్ దేశపు మ్లాదా బోలెస్లావ్‌లో, డేవిడ్ బ్రాండైస్ అనే యూదు వర్తకుడు ప్లమ్ జామ్ అమ్మేవాడు. అది కొనుక్కెళ్లిన ఓ క్రైస్తవ కుటుంబం జబ్బుపడింది, ఇంటి యజమాని చనిపోయాడు. యూదుడు విషం పెట్టాడన్నారు. అతణ్ని జైల్లో వేశారు. చివరికి ఆ మనిషి క్షయతో పోయాడని తేలి, బ్రాండైస్ పూరీముకు కొద్దిరోజుల ముందు విడుదలయ్యాడు. అతని కుటుంబం ఆ విడుదలను ఏటా సొంత పూరీముగా చేసుకుంది. విషమని నింద మోసిన జామ్ పండుగ తీపిలో కూర్చుంది. నాకు షూషను కథ కన్నా ఈ చిన్న ఊరి కథే ఎక్కువ నచ్చుతుంది. ఇందులో రాణి లేదు, రాజు లేడు, ఓ దుకాణదారుడు బతికి బయటపడ్డాడు, అంతే.

చేయడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ఒకప్పుడు ఈస్ట్‌తో పొంగించిన పిండి వాడేవారు, ఇప్పుడు ఎక్కువగా బిస్కెట్ పిండే. చపాతీలా వత్తి, గ్లాసు బోర్లించి బిళ్లలు కోసి, నడుమ చెంచాడు పూర్ణం పెట్టి మూడు వైపులా పైకి మడిచి మూలలు గట్టిగా నొక్కాలి. ఆశకుపోయి పూర్ణం దట్టిస్తే ఓవెన్‌లో విచ్చుకుని పళ్లెమంతా పారుతుంది. కాల్చేముందు కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే ఆ గొడవ తగ్గుతుంది. పూరీము రోజున కనీసం ఒక్కరికైనా రెండు రకాల తినుబండారాలు పంపాలనీ, ఇద్దరు పేదలకు దానం చేయాలనీ నియమం. పంపే డబ్బాల్లో ఇప్పుడు చాక్లెట్, ఖర్జూరం, హల్వా పూర్ణాలూ కనిపిస్తాయి.

షికాగో విశ్వవిద్యాలయంలో ఈ మిఠాయి మీద 1946లో ఓ వాదం మొదలైంది. హనుక్కా పండుగకు వేయించే ఆలుగడ్డ అట్టు లాట్కె గొప్పదా, హమంతాష్ గొప్పదా? ఆచార్యులు తమతమ శాస్త్రాలను ఆయుధాలుగా పట్టుకుని నవ్వుతూ కొట్టుకుంటారు. నోబెల్ గ్రహీతలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, లియాన్ లెడర్‌మన్ కూడా ఆ వేదికెక్కారు. తీర్పు మాత్రం ఎవరూ చెప్పలేదు. నా ఓటు హమంతాష్‌కే, అదీ గసగసాలదానికే. ఈసారి పూరీముకు యూదు స్నేహితులెవరైనా డబ్బా చేతిలో పెడితే చాక్లెట్‌వి పిల్లలకు వదిలేసి, ముందు ఆ నల్లది తీసుకోండి.