అద్భుత కథలలో కల్పనయు నియమమును

లోకమున జరుగుటకు వీలులేని కథను వివేకవంతులు సైతము శ్రద్ధతో చదువుటకు కారణమేమి? అట్టి కథను వ్రాయుటకు రచయిత యేల పూనుకొనును? నిత్యజీవితపు బాధలనుండి కొంతసేపు తప్పించుకొనవలెనను కోరికయే ఇందులకు మూలమని పలువురు చెప్పుదురు. ఈ సమాధానము కొంతవఱకే సరిపోవును. ఏదైనను జరుగవచ్చునన్న కథలో ఏది జరిగినను పాఠకునకు వింత తోపదు. విసుగు మాత్రమే మిగులును. అద్భుత కథకు ఆకర్షణము అందలి అసంభవమును కట్టియుంచు నియమమువలన కలుగునని నా అభిప్రాయము. దానిని కొన్ని భారతీయ భాషల ఉదాహరణములతో వివరింతును.

భరతుడు అద్భుతరసమునకు విస్మయమును స్థాయిభావముగా చెప్పినాడు. ఒంటరియైన వింత క్షణకాలము వెఱగు కొలిపి పాతబడిపోవును. విస్మయము కథాంతమువఱకు నిలువవలెనన్నచో ఒక వింతకును మఱియొక వింతకును కార్యకారణ సంబంధము కుదురవలెను. ఆ సంబంధమునే ఇచట నియమమనుచున్నాను.

తెలుగున ఇందులకు ప్రథమముగా పేర్కొనదగినది 16వ శతాబ్దియందు పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము. పురాణకథను గ్రహించిన ప్రబంధమున కథాంతము శ్రోతకు ముందే తెలియును. అతని దృష్టి వర్ణనలమీదను పద్యముల నడకమీదను నిలుచును. సూరన అపూర్వమైన ఇతివృత్తమును కల్పించుటచే ‘తరువాత ఏమి జరిగినది?’ అను ప్రశ్న ప్రబంధ పాఠకునకు ముఖ్యమైనది. నిజమైన రంభకును మాయారంభకును కలహము కలుగుట, శిశువు నోరు విప్పి పూర్వజన్మ వృత్తాంతము చెప్పుట మొదలైనవి తొలుత పొందికలేని వింతలవలె కనబడును. బ్రహ్మ సరస్వతికి వినోదముగా చెప్పిన కథయే భూలోకమున జరుగుచున్నదని తెలిసినప్పుడు అవి యన్నియు ఒక్క త్రాట కూడుకొనును. బ్రహ్మవాక్కు వ్యర్థము కారాదనుటయే ఇచటి నియమము. కల్పించి చెప్పిన మాట నిజమగుట యనునది ప్రతి కథకుని అంతరంగమున నుండు ఆశయే గదా! 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’న కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కావ్యమును ప్రత్యేకముగా పరిశీలించుటతో ఆధునిక విమర్శకుల దృష్టి దీని కథాసంవిధానముపై ప్రసరించినది.

ఉర్దూ దాస్తానులలో ఇదే సూత్రము వేఱొక రూపమున కనబడును. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయము 1883 నుండి ‘తిలిస్మె హోష్‌రుబా’ను సంపుటములుగా వెలువరించినది, మహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ కమర్ దాని రచయితలు. తిలిస్మ్ అనగా మంత్రబద్ధమైన లోకము. దానిని కట్టిన వాడెంత శక్తిమంతుడైనను, ఛేదించు ఉపాయము ఎచటనో యొకచోట ఉండితీరవలెను. అది తెలుపు ఫలకమునకు ‘లౌహ్’ అని పేరు. ఛేదించువాడును ముందే నిర్ణీతుడై యుండును.

హిందీలో దేవకీనందన్ ఖత్రీ 19వ శతాబ్ది చివర ‘చంద్రకాంత’ను వ్రాయుచు తిలిస్మును గ్రహించెను గాని, మంత్రములకు బదులు యంత్రములను, వేషధారణ నైపుణ్యమును నిలిపెను. మంత్రమును తొలగించినను కథకు ఆకర్షణము తగ్గలేదు. దానిని చదువుటకై పలువురు హిందీ నేర్చిరని ప్రతీతి. దీనినిబట్టి పాఠకుని పట్టియుంచునది మంత్రములపై విశ్వాసము కాదనియు, చిక్కుముడికి విప్పుదల ఉన్నదన్న నమ్మకమనియు తేటపడుచున్నది.

మధిర సుబ్బన్న దీక్షితులవారి ‘కాశీమజిలీ కథలు’ 12 భాగముల గ్రంథము. కాశికి పోవు యతికి గోపబాలుడు తోడుగా వచ్చుటకు ఒక ఒడంబడిక కలదు: ప్రతి మజిలీయందును బాలుడు చూచిన వింతకు యతి కథ చెప్పవలెను. కథ నిలిచినచో ప్రయాణమును నిలుచును. వినువాని కుతూహలమే చెప్పువానికి కట్టుబాటైనది.

1947లో మద్రాసున ప్రారంభమైన ‘చందమామ’ పత్రికలో ఈ కట్టుబాటు నెలకొక్కమాఱు వచ్చు ధారావాహికగా మాఱినది. అందు 1954లో దాసరి సుబ్రహ్మణ్యముగారి ‘తోకచుక్క’ ఆరంభమైనది. ఒక భాగము ముగిసి మఱియొకటి వచ్చులోపల బాలపాఠకుడు ఊరకుండడు. మాంత్రికుని శక్తి ఎంతవఱకు పనిచేయును? నాయకునివద్ద మిగిలిన సాధనమేది? అని ఆలోచించి తనకు తోచిన ముగింపును కల్పించుకొనును. నియమము తెలిసినవాడు కావుననే అతనికి ఆ స్వాతంత్ర్యము కలిగినది. చదువుటకును వ్రాయుటకును నడుమ గల గడప ఇదియే. రచయిత కలమున చేయుదానినే పాఠకుడు మనసున చేయుచున్నాడు.

ఇంతటి చరిత్ర గల ప్రక్రియకు మన సాహిత్య చరిత్రలలో దొరకిన చోటు స్వల్పము. ‘బాలుర వినోదము’ అను ఒక్క మాటతో దానిని దాటిపోవుట పరిపాటియైనది. ‘చందమామ’ ధారావాహికలపై ఆనాడు రచయిత పేరే ముద్రితము కాలేదు. తరములతరబడి పాఠకులు కథను ప్రేమించిరి గాని కర్త నెఱుగరు. ఆయన 2010లో గతించిరి. ఉర్దూ, హిందీ, తెలుగు కథలను ఒక్కచోట నుంచి, ప్రతిదానియందును కల్పన కే నియమము హద్దైనదో, దానిని రచయిత ఎంతవఱకు పాటించెనో పరిశీలించినచో భారతీయ కథాసంవిధాన చరిత్రకు ఒక క్రొత్త అధ్యాయము లభించును. పాత సంచికలు శిథిలము కాకమునుపే, చదివినవారి జ్ఞాపకములు చెదరకమునుపే ఆ పని జరుగవలెను. కర్త పేరు మఱుగుపడిన కథకు చరిత్రకారుడైనను సాక్షిగా నిలువకున్నచో, అది మనకు దక్కదు.