రేకుల షెడ్డు చల్లబడాలంటే ముందు నెత్తి చూడాలె!

మే నెలలో మధ్యాహ్నం 2 గంటలకు రేకుల షెడ్డులో ఫ్యాన్ కింద ఎప్పుడైనా కూర్చున్నారా? గాలి రాదు, సెగ వస్తది. రామగుండం, ఆదిలాబాద్ ఎండలు తెలిసినోళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కరీంనగర్‌లో మా ఇంటి పక్కన కారు కోసమని వేసిన షెడ్డు ఉంది. కారు రాలేదు, తమ్ముడి పుస్తకాలు వచ్చినయ్. గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఇంట్లో ఐదుగురం, గదులు రెండు. షెడ్డులో చదువు సాగకపోతే వాడు హైదరాబాద్ హాస్టల్‌కు పోవాలి, అంత పైసలు మా దగ్గర లేవు.

యూట్యూబ్‌లో వెతికితే అన్నీ అమెరికా గ్యారేజీలే. గోడల్లో దూదిలాంటి ఇన్సులేషన్, దానిమీద ప్లాస్టిక్ షీట్, ఆపైన జిప్సం బోర్డు. చలిదేశాల్లో లోపలి తేమ చల్లని గోడలోకి పోయి నీళ్లు కాకుండా ప్లాస్టిక్‌ను లోపలివైపు కొడతారు. మన దగ్గర వానాకాలంలో ఏసీ వేస్తే లెక్క తిరగబడుతుంది. తేమ బయటినుంచి వస్తుంది, చల్లటి బోర్డు వెనకాల ఆ ప్లాస్టిక్‌కే చెమట పడుతుంది. బూజు మొదలయ్యేది అక్కడే. కాబట్టి ఆ షీట్ మనకు వద్దు.

మేస్త్రీ వచ్చి చూసి ఒక్కమాటే అన్నాడు: "గోడలెందుకన్నా, ముందు నెత్తి చూడు." ఎండకు కాలిన రేకు కిందికి సెగ కొడుతుంది, అసలు వేడంతా దాన్నుంచే. అందుకే మొదట పైన తెల్లని కూల్ రూఫ్ పెయింట్ వేయించాం. 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ ఇండ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టేవాటికి ఇలాంటి కప్పును తప్పనిసరి చేసింది. మా షెడ్డును ఎవరూ అడగరు, కానీ ఎండకు గజాల లెక్క తెలియదు కదా!

తర్వాత రేకు కింద కొంత ఖాళీ వదిలి మెరిసే ఫాయిల్ షీట్, దానికింద గ్లాస్ వూల్, ఆఖర్న జిప్సం బోర్డు సీలింగ్. ఆ ఖాళీ లేకపోతే ఫాయిల్ మెరుపు దండగ. రేకుకు అంటుకుంటే అదీ కాలుతుంది. వేడిగాలి పోవడానికి పైన రెండు చివర్లా జాలీ పెట్టించాం. గోడల్లో పడమరది ఒక్కదానికే బోర్డు కొట్టించాం, సాయంత్రం ఎండ దానిమీదే పడుతుంది. బోర్డును నేలకు వేలెడెత్తు పైన ఆపాలి, లేకపోతే తడి పీలుస్తుంది. ఫ్రేముకు కట్టె వద్దు, చెదలకు పండుగే. జీఐ చానెల్ మేలు.

పాత సిమెంటు రేకులైతే డ్రిల్లింగ్, కోత జోలికి పోకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. చవక అని థర్మాకోల్ ఒక్కటే అంటించి వదిలేస్తారు కొందరు. వైరింగ్ దగ్గర అది అంటుకుంటే ఆర్పడం కష్టం.

ఇన్సులేషన్ చల్లదనం పుట్టించదు, వేడిని ఆలస్యం చేస్తుంది, అంతే. పగలు లోపలికి చేరిన వేడి రాత్రి బయటికి పోకుండా కూడా అదే ఆపుతుంది. ఆదిలాబాద్‌లో చలికాలం రాత్రి 10 డిగ్రీల కిందికి పడిపోతుంది, అప్పుడు ఇదే గుణం పనికొస్తుంది. ఎండాకాలం మాత్రం చీకటి పడ్డాక తమ్ముడు కిటికీ, షట్టర్ రెండూ తెరుస్తున్నాడు. దోమల జాలీ ఇంకా కొట్టించాలి.